మూలల కాడ నిదానం

కుప్పం పొలిమేరలో మాదొక చిన్న కార్ఖానా. పొలంలో తేమ చూసే పరికరాలకు ప్లాస్టిక్ పెట్టెలు చేస్తాం. నల్లటి పెట్టె మీద గాజులాంటి మూత పెట్టి, అంచు వెంట లేజరు కిరణం తిప్పితే రెండూ కరిగి అతుక్కుంటాయి. ఆ కిరణం కంటికి కనబడదు. కనబడని దాని గురించి ఎన్ని కోతలైనా కోయొచ్చు కాబట్టి ఆ పని నాకు బాగా నప్పింది.

మొన్న మదనపల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అక్కడి టమాటా రైతులకు ఈ పరికరాలు అమ్ముతాడు. పెట్టెలోకి నీళ్లు దిగకపోతేనే ఆర్డరు. ఆర్డరు రాకపోతే మిషను అమ్మేస్తారు, నేను ఇంటికి పోతాను.

"గట్టిగా ఉంటాదా?" అన్నాడాయన.

"అట్లంటావేందప్పా! పోయిన వారం పుంగనూరు ఆవు ఎక్కి తొక్కితే గీత పడలా."

"పుంగనూరు ఆవా? అది మా ఇంటి మేకంత ఉంటాది. ఒంగోలు గిత్త తొక్కింటే సెప్పు."

మా ఇంజనీరమ్మది పుంగనూరే. నా వైపు ఉరిమి చూసి, "కోతలు సాలన్నా. మూలల కాడ నిదానంగా పోనీ" అని, ఆయన్ను కాఫీకి తీసుకెళ్లింది.

మొగిలి ఘాట్లో బస్సు మలుపు తిరిగినట్టు, నాలుగు మూలల్లోనూ కిరణం వేగం తగ్గించేశాను. పెట్టె బయటికి వచ్చేసరికి మూలలు మాడిన అప్పడాల్లా ఉబ్బి ఉన్నాయి.

"యాల తగ్గించినావన్నా?" కాఫీ తాగి ఆయనతో తిరిగొచ్చిన ఇంజనీరమ్మ తల పట్టుకుంది.

"నువ్వే గదమ్మా నిదానం అంటివి!"

"నిదానమంటే జాగ్రత్త! అసలే మూల తిరిగేటప్పుడు కిరణం రవ్వంత ఆగతాది. ఆడ ఇంకా తగ్గిస్తే మాడకుండా ఏమైతాది?"

ఈసారి ఆమే దగ్గరుండి మూలల్లో వేడి తగ్గించింది. ఒకే చుట్టులో కరిగించడం మాని, కిరణాన్ని గిరగిరా చాలా చుట్లు తిప్పింది. ఒకచోట చల్లారేలోపే మళ్లీ అక్కడికి వస్తుంది గనుక అంచంతా కలిసి సమంగా వేడెక్కుతుంది.

"ఎంత వేగమంటేప్పా," అన్నాను పెద్దాయనతో, "దాని వెనకాల అదే వచ్చి, జరగమని హారన్ కొడతాది."

"నాకు ఇనపళ్లేదే?"

"కనపడనిది ఇనపడతాదా ఎక్కడన్నా!"

ఆమె పెట్టెను బకెట్ నీళ్లలో అదిమి పట్టింది. ఒక బుడగ పైకొచ్చింది. మూత అంచు కింద వేలు పెట్టి తుడిచిందామె. బయట అంటుకున్న గాలే. మళ్లీ ముంచితే ఇక ఏమీ రాలేదు. పెద్దాయన పెట్టెను తువ్వాలుతో తుడిచి, ఎండకెత్తి చూశాడు. లోపల చుక్క నీరు లేదు.

"ఎప్పటికిస్తారు?"

నేను "రేపే" అనబోతుంటే ఆమె మోచేత్తో పొడిచి, "వచ్చే నెలకప్పా" అంది.