చింతపండుతో తోమిన రివాల్వర్

నేను పాత రివాల్వర్లు సేకరిస్తానంటే మా స్నేహితురాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత మా ఆయన వైపు జాలిగా చూస్తారు. భయపడాల్సిందేమీ లేదు. నావన్నీ పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో తయారైన జేబు రివాల్వర్లు. అరచేతిలో ఇమిడిపోతాయి. ఉన్నవి నాలుగే. పేల్చే ఉద్దేశం నాకూ లేదు, పేలే ఓపిక వాటికీ లేదు.

ఎనిమిదేళ్ల క్రితం, పెన్సిల్వేనియాలో మా ఊరి దగ్గర పాత సామాన్ల సంతకి ఇత్తడి కుందుల కోసం వెళ్లాను. అక్కడ ఒక అమెరికన్ పెద్దాయన నా చేతిలో చిన్న రివాల్వర్ పెట్టి, గుళ్లు పెట్టే చక్రాన్ని తిప్పి చూడమన్నారు. టిక్, టిక్ మంటూ ఏడు గుళ్లకీ సరిగ్గా ఏడుసార్లు ఆగింది. పొద్దస్తమానం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఇంతకాలం తర్వాత కూడా ఒక్క తప్పు లేకుండా తిరిగే వస్తువు కనబడితే మనసు పారేసుకోనా? కుందులు మర్చిపోయి దాన్ని తెచ్చుకున్నాను.

పెద్దాయన పెట్టిన షరతు ఒక్కటే: ఎప్పుడూ తోమకూడదు. దాని ఇత్తడి ఒంటి మీద ముదురు గోధుమరంగు పట్టి ఉండేది. మూలల్లో అప్పటి వెండిపూత కొంచెం మిగిలి ఉండేది. ఆ మకిలే దాని వయసుకి సాక్ష్యం, పోతే మళ్లీ రాదు.

ఈ ఏడు పెద్దాయన తన రివాల్వర్లన్నీ ఇచ్చేయాలనుకున్నారు. వాటిలో ఒకటి చెక్కపెట్టెతో సహా ఉంది. లోపల నీలం మఖమలు, దాంట్లో రివాల్వర్‌కి అచ్చంగా కోసిన గూడు. దాని మీద నాకు ఎనిమిదేళ్లుగా కన్ను, అదే కావాలని అడిగాను. "నా దగ్గర కొన్నవాటిని ఎలా చూసుకుంటున్నావో మీ ఇంటికొచ్చి చూస్తాను. నచ్చితే ఇచ్చి వెళ్తాను" అన్నారు. శనివారం భోజనానికి పిలిచాను. మాకు సెలవు ఆ రోజే కాబట్టి దసరా కూడా ఆ రోజే.

మా ఇంట్లో ఆయుధపూజ ఏర్పాట్లు మా ఆయనవి. చింతపండు తగిలితే నా చేతులు మండుతాయి, అందుకని పూజసామాను తోమడం పెళ్లయిన కొత్తలోనే ఆయనకి అప్పగించేశాను. ల్యాప్‌టాప్‌లు, కారు తాళాలు, కత్తిపీట వరసగా పెట్టి బొట్లు పెడతాడు. నా రివాల్వర్ల జోలికి మాత్రం ఎప్పుడూ రాలేదు. వాటిని తుప్పు సామాననేవాడు.

నేను బంతిపూల కోసం మనవాళ్ల కొట్లుండే ఐసెలిన్ దాకా వెళ్లి వచ్చేసరికి, ల్యాప్‌టాప్ పక్కన నా మొదటి రివాల్వర్ పెళ్లికూతురిలా ధగధగలాడుతోంది. పిడికి కుంకుమ బొట్టు.

"సర్‌ప్రైజ్! గెస్ట్ వస్తున్నాడు కదా, డల్‌గా ఉంటే బాగోదని టూ అవర్స్ కూర్చుని రుద్దాను" అన్నాడు మా ఆయన. "మూలల్లో తెల్లగా ఏదో పట్టేసింది. టూత్‌బ్రష్‌తో అది కూడా క్లీన్ చేసేశా."

రివాల్వర్ చేతిలోకి లాక్కున్నాను. "అది వెండి! చెంబనుకున్నావా తోమడానికి?"

ఆయన మొహం మాడిపోయింది. "తోమకూడదని నాకేం తెలుసు? ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా చెప్పావా?"

చెప్పలేదు. వెక్కిరిస్తాడని ఏదీ చెప్పేదాన్ని కాదు. తప్పు నాదేనని తెలిసి ఇంకా ఒళ్లు మండింది. ఇంతలో బెల్ మోగింది.

పెద్దాయన చంకలో పెట్టెతో వచ్చారు. దాచి లాభం లేదని రివాల్వర్ తీసి చేతిలో పెట్టాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. "వెండి కూడా పోయింది" అన్నారు మెల్లగా. "ఎవరి పని ఇది?"

మా ఆయన బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. "నేనే సార్. మా పండగ. ఫెస్టివల్‌కి మేం మెటల్ అంతా చింతపండుతో తోముతాం." నమ్మరేమోనని వంటింట్లోంచి చింతపండు ముద్ద కూడా తెచ్చి చూపించాడు. పెద్దాయన దాన్ని వాసన చూసి, భుజాలు కదిలిపోయేలా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పెట్టె ఇక నాకు దక్కదని తెలిసిపోయింది.

పెద్దాయన ఆ పెట్టెని మా ఆయన ఒళ్లో పెట్టారు. "ఇది నీకు. మెత్తటి గుడ్డ, ఒక్క చుక్క నూనె, అంతే. కూర్చో, నేర్పుతాను."

"అడిగింది నేను కదండీ!" అన్నాను, ఉడుకుమోత్తనంతో.

"నువ్వెలాగూ బాగానే చూసుకుంటావు" అన్నారు పెద్దాయన నా వైపు తిరిగి. "నలభై ఏళ్లు ఇవి మా ఇంట్లో ఉన్నాయి. పాడుచేసేంత దగ్గరికి కూడా మావాళ్లెవరూ రాలేదమ్మా."

గారెలు వేడిచేస్తానని వంటింట్లోకి వెళ్లాను. గారెలు వేడెక్కాక కూడా కాసేపు బయటికి రాలేకపోయాను.