ముందు మిషన్ చూద్దాం

మా వెంకటరాముడు అంకుల్ లెక్కలో ఈ లోకంలో ఏ మనిషీ తప్పు చెయ్యడు. చేసేవన్నీ వస్తువులే. ఏది చెడినా ఆయన నోట ఒకటే మాట: "ముందు మిషన్ చూద్దాం. మనిషి సంగతి ఆఖర్న." ఆ ఆఖరు వచ్చినట్టు మాత్రం నేనెరగను.

ఒకసారి కమలం ఆంటీ రసంలో ఉప్పు రెండుసార్లు వేసింది. వేశానని ఆవిడే ఒప్పుకుంది. అయినా ఆయన ఉప్పు డబ్బాని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, మూత చిల్లులు పెద్దవైపోయాయని భార్య మీద కేసు కొట్టేశాడు. మనవరాలికి లెక్కల్లో మార్కులు తగ్గితే దాని కుర్చీని తలకిందులు చేసి కాళ్ళు కొలిచాడు. "తాతా, నేను చదవలేదు లా," అని ఆ పిల్ల ఇక్కడి యాసలో మొత్తుకుంటున్నా వినకుండా పొట్టి కాలికి రబ్బరు ముక్క అంటించాడు. భోజనానికి వెళ్ళిన హాకర్ సెంటర్లో, చోటు మాదని గుర్తుగా మేం టేబుల్ మీద పెట్టి చోప్ చేసిన టిష్యూ ప్యాకెట్ పక్కకు నెట్టేసి ఎవరో కూర్చుంటే, పోట్లాటకు దిగబోయిన నన్ను ఆపి, టేబుల్ కదిపి చూశాడు. ఇది ఆడుతోంది, ప్యాకెట్ దానంతటదే జారి ఉంటుందని ఆ పెద్దమనిషికి నచ్చజెప్పాడు. ఆయన సిగ్గుపడి లేచిపోయాడు.

అంకుల్ మలేషియాలో పుట్టి, ఇక్కడి జురాంగ్ ఫ్యాక్టరీల్లో ప్రెస్సు మిషన్లు సర్దుతూ జుట్టు నెరిపించుకున్న మనిషి. నేను బ్యాంకు ఉద్యోగం మానేసి రవీంద్రన్‌తో కలిసి ఫిల్టర్ కాఫీ కప్పుల యూనిట్ పెట్టినప్పుడు, మా అదృష్టం బాగుండి మా దగ్గరికి పనికి వచ్చాడు. కప్పులో కాఫీ పొడి నింపి మూత బిగించే మా ప్రెస్సు చేత్తో లాగేది. పిడి పూర్తిగా లాగి వదిలితే పళ్ళెం ఒక గడి తిరుగుతుంది. ఒక గడిలో ఖాళీ కప్పు కూర్చుంటుంది, తర్వాతి గడిలో పొడి పడుతుంది, ఆ పక్కన మూత బిగుస్తుంది, చివర తయారైన కప్పు డబ్బాలో పడుతుంది.

అది మొరాయించిన రోజున అంకుల్‌ని చూడాలి. పళ్ళెం ఖాళీ చేసి, ఒక్క కప్పు పెట్టి, కళ్ళు మూసుకుని పిడి లాగుతాడు. ప్రతి గడి దగ్గరా కప్పు తీసి, వేలితో తడిమి, మళ్ళీ పెడతాడు. ఎన్ని తేడాలున్నా ఒకసారికి ఒక్క నట్టే ముట్టుకుంటాడు. "రెండూ తిప్పేస్తే ఏది కుదిర్చిందో ఎట్లా తెలుస్తాది బాబూ?" అంటాడు. వెంట్రుకవాసి తిప్పి, చెవి ఆనించి, లోపలెక్కడో ఒక చప్పుడు విని తలాడిస్తాడు. ఆ చప్పుడు నాకు ఏనాడూ వినపడలేదు. పక్కన నోరు తెరుచుకుని నిలబడేవాణ్ణి, అంతే.

తంజోంగ్ పగార్‌లో ఒక పెద్ద ఆఫీసుకి మధ్యాహ్నంలోగా నమూనా కప్పులు పంపాల్సిన రోజున మూతలు నలిగి పొడి బల్లంతా పొర్లింది. ప్రెస్ దగ్గర ఉన్నది పునీత. సరిహద్దు అవతల జొహోర్ నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. ఇంకొక్కసారి సరుకు పాడైతే ఇంటికేనని రవీంద్రన్ అప్పటికే చెప్పి ఉన్నాడు.

పనిలో ఫోన్ తీశావా అని అతను అడిగితే ఆమె తల వంచుకుంది. తీసిందని నాకు తెలుసు. పునీత కొడుక్కి జ్వరమని పొద్దున్నుంచీ ఇంటి దగ్గర్నుంచి ఆమె తల్లి ఫోన్ చేస్తూనే ఉంది. పిడి సగంలో వదిలేస్తే పళ్ళెం తిరగదు, మళ్ళీ లాగితే అదే కప్పులో ఇంకోసారి పొడి పడుతుంది. మూత నలగక ఏం చేస్తుంది?

"ముందు మిషన్ చూద్దాం," అన్నాడు అంకుల్.

ఒక కప్పు పంపాడు. నిక్షేపంలా వచ్చింది. ఇంకోటి పంపాడు. అదీ అంతే. నట్లన్నీ పట్టి చూశాడు, ఒక్కటీ కదల్లేదు. రవీంద్రన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్ళకి ఆ ఆఖరు వచ్చేసిందని నాకు భయం వేసింది. అంకుల్ పునీతని ఒకసారి చూసి, మళ్ళీ మిషన్ మీదికి వంగాడు. రవీంద్రన్‌కి ఆయన వీపు అడ్డం. పక్కన నిలబడ్డ నాకు మాత్రం అంతా కనపడింది. పొడి కొలిచే గిన్నె కింద బిగుతుగా ఉన్న నట్టుకి స్పానర్ తగిలించి, మెల్లగా వదులు చేశాడు.

"రవీ, ఇట్లా రా. పట్టి చూడు. అదిరి అదిరి వదులైపోయింది. పొడి ఎక్కువ పడతా ఉంటే పిల్ల ఏం చేస్తాది?"

రవీంద్రన్ పట్టి చూశాడు. నట్టు వేళ్ళతోనే తిరిగింది. పునీతకి సారీ చెప్పి, కప్పులు తీసుకెళ్ళే వ్యాన్ సంగతి చూడ్డానికి వెళ్ళాడు.

అంకుల్ నట్టు బిగించి, పిడి మొదట్లో రంపం పన్నులాంటి ఇనప ముక్క ఒకటి అమర్చాడు. ఇక ఎవరు వదిలినా పిడి సగంలోంచి వెనక్కి రాదు.

"సగంలో వదలనిచ్చిందే, అది మిషన్ తప్పమ్మా. ఇప్పుడు వదలనీదు. పో, బిడ్డకెట్లా ఉందో కనుక్కుని రా."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళింది. నేనుండబట్టలేక దగ్గరికి జరిగి, "ఆ నట్టు మీరే వదులు చేశారు కదా అంకుల్?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చెయ్యి చాచి నా కళ్ళజోడు తీసుకుని, వెలుతురుకి పెట్టి, జేబులోంచి బుల్లి స్క్రూడ్రైవర్ తీశాడు.

"ఇదో, ఇక్కడ వదులు. అందుకే లేనిపోనివి కనపడతా ఉన్నాయి," అని బిగించి ఇచ్చాడు.

అది పెట్టుకుని, కప్పులు తయారయ్యాక వ్యాన్ దగ్గరికి వెళ్ళాను. కప్పులు ఎక్కిస్తున్న రవీంద్రన్ నన్ను అనుమానంగా చూసి, నువ్వు పక్కనే ఉన్నావు కదా, ఆ నట్టు నిజంగానే వదులుగా ఉందా అని అడిగాడు.

"నా కళ్ళతో చూశాను, వదులే," అన్నాను.