రెండు గంటల చెయ్యి

ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పుకుంటాను. దాన్ని మా ఇంటికి భోజనానికి పిలిచింది నేనే. అది దారి తప్పి రాలేదు, ఎవరో పంపితే రాలేదు. మర్యాదగా, నవ్వు మొహంతో, తప్పకుండా రమ్మని పిలిచాను. కృష్ణా జిల్లా వాళ్ళకున్న జబ్బుల్లో ఇదొకటి. ఎదురుపడిన ప్రతివాణ్ణీ భోజనానికి రమ్మంటాం. నిజంగా వస్తారని కాదు.

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మా నాన్న చర్చిలో సంఘపెద్ద. ప్రార్థన చేసుకునే ఇంట్లో దయ్యానికి కూర్చోను పీట దొరకదనేవాడు. నేను పెరిగింది ఆ మాట మీదే.

విజయవాడ వన్ టౌన్‌లో, బట్టల గోడౌన్ల మధ్య, హార్మోనియం పెట్టెలు బాగుచేసే చిన్న కొట్టు నాది. గుళ్ళ భజన పెట్టెలూ, చర్చి పెట్టెలూ పక్కపక్కనే ఉండేవి. వాటికి మతభేదం లేదు, రెంటికీ ఎలకలే సైతాన్లు. ఆ పనిలో నాకొక విద్య అబ్బింది. కళ్ళు మూసుకుని వింటే, పెట్టె వెనక తిత్తి ఆడించే చెయ్యి ఎవరిదో చెప్పగలను. నడక లాగే చేతికీ ఒక తీరు ఉంటుంది. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, తర్వాత సాక్ష్యానికి పనికొస్తుందని చెబుతున్నాను.

డెబ్బయ్యో దశకం నడుమ ఒక వానాకాలం, నా ముప్పై నాలుగో ఏట, మూడు రోజులు జ్వరం కాసింది. నాలుగో రోజు కుడి కాలు లేవలేదు. ఐదో రోజు చేతులు పోయాయి. ఆరో రోజు ఊపిరి అందలేదు. పోలియో వైరస్ అన్నారు డాక్టరుగారు. అది పిల్లల జబ్బు కదండీ అని మా ఆవిడ సుగుణ ఏడ్చింది. పెద్దవాళ్ళకీ ఎప్పుడో ఒకసారి వస్తుందమ్మా, వస్తే గట్టిగా వస్తుంది అన్నారాయన. నాలో పసితనం పోలేదని సుగుణ ఎప్పుడూ సాధించేది. వైరస్సూ అలాగే అనుకున్నట్టుంది.

గొంతుకి కన్నం పెట్టి గొట్టం దించారు. ఆస్పత్రి మొత్తానికి ఊపిరి పోసే మిషను ఒక్కటే, అది అప్పటికే ఇంకొకరికి పెట్టి ఉంది. నాకు దక్కింది కొబ్బరికాయంత నల్ల రబ్బరు సంచీ. ఎవరైనా దాన్ని నొక్కితే నాకు ఊపిరి, మానేస్తే లేదు. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకోవడం అంటారే, నా ప్రాణం పందొమ్మిది రోజులు పరాయి గుప్పిట్లో ఉంది. ఊపిరితిత్తులని ఎవరు పేరు పెట్టారో గాని సరిగ్గా పెట్టారు. తిత్తులు బాగుచేసేవాడి తిత్తులే ఆగిపోయాయి.

స్పృహ మాత్రం పూర్తిగా ఉంది. మాట రాదు, మెడ తిరగదు. కనిపించేది గది కప్పూ ఫ్యానూ. సంచీ నొక్కేవాళ్ళు నా తల వెనక స్టూలు మీద కూర్చునేవాళ్ళు కాబట్టి నేనెవరి మొహమూ చూడలేదు. చేతుల్నే ఎరుగుదును.

రాత్రిళ్ళు నర్సు చదువుకునే పిల్లలు కూర్చునేవారు, గడియారం కొట్టినట్టు నొక్కేవారు. పొద్దుటి నుంచి సుగుణ. చిన్న చేతులు, రెండూ కలిపి గబగబా నొక్కేది, గాజులు వినపడేవి. మధ్యాహ్నం రెండు గంటల నుంచి మా అన్నయ్య దేవదానం. చల్లపల్లి దగ్గర పొలం వదిలేసి వచ్చి నా కొట్లోనే పడుకునేవాడు. అరక పట్టిన చెయ్యి గనక నిదానంగా, నిండుగా ఇచ్చేవాడు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. పెళ్ళయిన పదేళ్ళలో సుగుణ మా అన్నయ్య ఎదుట నిలబడి మాట్లాడింది లేదు. బావగారు వస్తుంటే మరదలు లోపలికి తప్పుకోవాలి, ఆయన కూడా దగ్గి మరీ రావాలి. ఆస్పత్రిలోనూ అదే నడిచింది. రెండింటికి అన్నయ్య ముందు వసారాలో దగ్గేవాడు. సుగుణ సంచీ దిండు మీద పెట్టి వెనక తలుపున వరండాలోకి వెళ్ళిపోయేది. సంచీ చప్పుడు ఆగిందని తెలిశాక అన్నయ్య లోపలికి వచ్చేవాడు. మధ్యలో నాకు రెండు ఊపిర్లు పోతాయని వాళ్ళిద్దరికీ తెలుసు. మర్యాద పోతుందని అంతకంటే బాగా తెలుసు.

మొదటి ఐదు రోజులు ఇలాగే జరిగింది. ఆరో రోజు అన్నయ్య దగ్గాడు, గాజుల చప్పుడు వెనక తలుపు దాటింది, మరుక్షణం ఇంకో చెయ్యి సంచీ అందుకుంది. అది అన్నయ్యది కాదు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎక్కడా తేడా లేని నాలుగు ఊపిర్లు. ఐదోది ఇవ్వలేదు.

నొక్కడం మరిచిపోయి కాదు. సంచీ మీద వేళ్ళు అలాగే ఉన్నాయని గొట్టం బిగువు వల్ల నాకు తెలుస్తోంది. పట్టుకుని ఆగింది. ఫ్యాను రెక్కలు నల్లబడుతున్నాయి. అప్పుడు మళ్ళీ నాలుగు. మళ్ళీ ఆగడం. మనిషన్నాక ఎంతో కొంత అలికిడి ఉంటుంది, ఒక దగ్గో, స్టూలు కిర్రుమనడమో, చెమట వాసనో. ఆ చేతి వెనక మనిషి అలికిడి లేదు.

దాదాపు అరగంట అలా నడిచి, సంచీ దిండు మీద వాలేది. అప్పుడు అన్నయ్య వచ్చేవాడు. ఆ రోజు నుంచి రోజూ ఇంతే. ఒంటిగంట దాటితే నా కళ్ళవెంట నీళ్ళు కారేవి. సుగుణ తుడిచి, బాధగా ఉందా అని అడిగేది. నోరు లేనివాడు ఏం చెబుతాడు? ఆ పందొమ్మిది రోజుల్లో నాకు చావంటే అంత భయం వెయ్యలేదు. ఐదో ఊపిరంటే వేసింది.

ఆస్పత్రివాడు ఎవడో తిక్కమనిషి అయి ఉంటాడని సమాధానం చెప్పుకున్నాను. మెల్లగా సొంత ఊపిరి వచ్చింది, గొట్టం తీసేశారు. మూడో నెల కుడి కాలికి ఇనుప పట్టీల బూటు తొడిగి పంపించారు. బయల్దేరేటప్పుడు డాక్టరుగారి నుంచి ఊడ్చే ఆమె దాకా అందరినీ మా ఇంట్లో కృతజ్ఞత కూడికకు, ప్రార్థనకీ భోజనానికీ, పిలిచాను. రెండింటికి కూర్చునే ఆయన్ని కూడా తీసుకురండి అన్నాను పెద్ద నర్సుగారితో. ఆ వేళప్పుడు మేం భోజనాలకు పోతామండీ, మావాళ్ళెవరూ ఉండరు అందావిడ. నేను నవ్వేసి, మంచం తలవైపు ఖాళీ స్టూలు కేసి తిరిగి, "ఎవరైనా సరే, భోజనానికి తప్పకుండా రండి" అన్నాను. అదీ నా తెలివి.

ఇంటికొచ్చాక జీవితం చిన్నదైంది. ఒక వాక్యానికి మూడు ఊపిర్లు కావాల్సి వచ్చేది. నా ప్రార్థనలు పొట్టివయ్యాయి, దేవుడికీ కాస్త తీరిక దొరికింది. గుమ్మం దాటడానికి సుగుణ భుజం కావాలి. అన్నిటికన్నా ఎడమ చెయ్యి. పెట్టె వాయించేవాడికి కుడి చెయ్యి పాటకి, ఎడమ చెయ్యి ఊపిరికి. నా ఎడమ చెయ్యి ఒళ్ళో పిల్లిలా పడుకునేది, దానికి నా మాట లెక్కలేదు. తిత్తి ఆడించలేనివాడు పెట్టె బాగుచేసి ఏం చూసుకుంటాడు? అది మళ్ళీ లేవకపోతే కొట్టు మూసెయ్యడమే. గుప్పిట్లో తడిగుడ్డ పెట్టి రోజూ పిండుతూ ఉండమన్నారు డాక్టరుగారు. పిండేవాణ్ణి, చుక్క రాలేది కాదు.

కూడిక నాటికి క్రిస్మస్ దాటింది. పాటలయ్యాయి, ప్రార్థన అయింది, ముందు పందిట్లో విస్తళ్ళు వేశారు. అన్నయ్య వడ్డన చూస్తున్నాడు, సుగుణ వెనక పొయ్యి దగ్గర. నేను నడిమి గదిలో కుర్చీలో ఉన్నాను, ఎదురుగా బల్ల మీద నా పాత పెట్టె, తిత్తి అవతలివైపుకి. గోడ గడియారం రెండు కొట్టింది.

తిత్తి కదిలింది. ఎలకేమో అనుకున్నాను. తోలు నిండుగా తెరుచుకుని, నిండుగా మూసుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగింది.

దానితోపాటు నా ఊపిరీ ఆగింది. మూడు నెలలుగా నాదనుకుంటున్న ఊపిరి. గొంతు మీద మానిన మచ్చ లోపలికి లాక్కుపోయింది. అరవడానికి గాలి లేదు. తర్వాత నాలుగు ఇచ్చి, మళ్ళీ ఆపింది. పందిట్లో నవ్వులు వినిపిస్తున్నాయి, రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి, ఒక్కరూ రాలేదు. ఎంతసేపో తెలియదు. చివరికి కుర్చీలోంచి జారి పడ్డాను. ఆ చప్పుడికి ఒక తలుపు నుంచి అన్నయ్య, ఇంకో తలుపు నుంచి సుగుణ పరుగెత్తుకొచ్చారు.

కాస్త తేరుకున్నాక, ఇంతసేపు ఇద్దరిలో ఒక్కరికైనా లోపలికి రావాలనిపించలేదా అని విసుక్కున్నాను.

"తిత్తి చప్పుడు వినపడుతుంటే బావగారు నీ దగ్గరున్నారనుకున్నానండీ" అంది సుగుణ. కంగారులో నీవూ మీరూ కలిసిపోయాయి.

అన్నయ్య పదేళ్ళలో మొదటిసారి ఆమె మొహం చూసి మాట్లాడాడు. "నువ్వున్నావనుకుని నేను ఆగానమ్మా. ఆస్పత్రిలోనూ అంతే. సంచీ చప్పుడు పూర్తిగా ఆగేదాకా బయటే ఉండేవాణ్ణి. అరగంట పట్టేది రోజూ."

సుగుణ చేతిలో గరిటె ఉంది. దాన్ని కింద పెట్టింది. "నేను మీ దగ్గు వినపడగానే వెళ్ళిపోయేదాన్ని బావగారూ" అంది.

ఆ తర్వాత ఎవరూ భోంచెయ్యలేదు.

పెట్టె అమ్మేద్దామంది సుగుణ. పెట్టెను అమ్మగలం, ఊపిరిని ఎవడు కొంటాడు? నెల రోజులు వాళ్ళిద్దరూ రెండు గంటల వేళ నా చెరోపక్కన కూర్చున్నారు. ఎవరైనా ఉంటే తిత్తి కదిలేది కాదు. దగ్గులు మానేసి అన్నయ్య "అమ్మా, నేను లోపలికొస్తున్నాను" అనడం నేర్చుకున్నాడు. కాని ఎంతకాలం? అన్నయ్య పొలం అక్కడ ఎదురుచూస్తోంది. అన్నయ్య పక్కన లేనప్పుడు సుగుణ లేచి నీళ్ళకు వెళితే చాలు, పెట్టె వెనక తోలు సర్దుకున్న చప్పుడయ్యేది. ఇలా ఒకరి కాపలాలో బతకాల్సిందేనా అన్నదే నా బాధ.

ఒకరోజు ఇద్దరినీ వీధి గుమ్మంలో కూర్చోమన్నాను. చప్పుడు వినపడినా రావద్దన్నాను. భయం వేసింది, మోకాళ్ళు వణికాయి, కనీసం కుడి మోకాలికి అంత ప్రాణం ఉందని తెలిసింది. కుర్చీని పెట్టె దగ్గరికి జరిపించుకుని, ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి తిత్తి అంచు మీద వేశాను. కుడి చెయ్యి స్వరాల మెట్ల మీద పెట్టి ఒకటి నొక్కి ఉంచాను.

రెండు కొట్టింది. నాలుగు ఊపిర్లు ఇచ్చింది. నా వేళ్ళ కింద తోలు చల్లగా లేచి పడింది, మెట్టు నాలుగుసార్లు పలికింది. ఆగింది. ఛాతీ ఆగిపోయింది. తిత్తిని అవతల ఎవరో పట్టుకున్నట్టే బిగువు. తడిగుడ్డ పిండినట్టు ఎడమ చేతిని బిగించాను. ముందు ఏమీ కాలేదు. కళ్ళు చీకట్లు కమ్మాయి. అప్పుడు తిత్తి ఒక్క బెత్తెడు జరిగింది. పెట్టె పలికింది. వంకరగా, బొంగురుగా, జలుబు చేసిన మేకలా. ఐదోది. దానితోపాటు నా గొంతులోకి గాలి వచ్చింది.

అవతలి బిగువు వదిలేసింది. ఆ తర్వాత ఎప్పుడూ కదల్లేదు.

ఆ అరగంటల్లో నన్ను బతికించిందీ అదే, తన చప్పుడుతో అన్నయ్యని బయట ఆపిందీ అదే. రోజుకో అరగంట నాకు ఊపిరి పోసి, ఐదోది ఎందుకు అట్టేపెట్టుకుందో తెలియదు. సాయమా, ఆటా? పాస్టరుగారికీ తెలియలేదు, డాక్టరుగారు మాట మార్చారు. ఈనాటికీ రెండు కొడితే నా ఎడమ చెయ్యి దానంతటదే బిగుస్తుంది.

మా జిల్లాలో పగవాడు గుమ్మం దాటుతున్నా "మళ్ళీ రండి" అంటాం. ఆ మధ్యాహ్నం గదిలోంచి ఏదో వెళ్ళిపోతున్నట్టు గుమ్మం తెర కదిలింది. మాట నోటిదాకా వచ్చింది. ఊపిరి కూడా ఉంది, చాలినంత. నేను అనలేదు.