ఆయుధపూజకి నేను శుభ్రం చేసిన కంప్యూటర్

ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఎన్నో ఏళ్ళుగా గుండెల మీద బెల్లం దిమ్మ పెట్టుకుని తిరుగుతున్నట్టుంది. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నా మొహం చూడలేరు కనక. పిరికివాణ్ణి. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

అనకాపల్లిలో ఒక బెల్లం కొట్టులో గుమాస్తాగా చేసేవాణ్ణి. కొట్లలోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మా షావుకారు కూడా ఒకటి కొన్నారు. నేను కొన్నాళ్ళు కోర్సుకి వెళ్ళేను కాబట్టి దానికి నేనే దిక్కు. బిల్లులు కొట్టడానికి సలోమి అనే అమ్మాయిని పెట్టేరు. ఎస్. రాయవరం దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. తండ్రికి పక్షవాతం. ఆమె జీతంతోనే ఇల్లు గడిచేది. మౌసు పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ నేనే నేర్పేను. అన్నయ్యా అని పిలిచేది. కంప్యూటర్ గురించి నేనేం చెబితే ఆమెకి అదే నిజం.

దసరా వచ్చింది. ఆయుధపూజకి ముందురోజు కొట్టంతా కడుగుతాం. తూకం కాటాలు తోమేరు, వేన్ కడిగేరు. నేను కంప్యూటర్ దులిపి తుడిచేను. అక్కడితో ఊరుకోవచ్చు కదా? లోపల కూడా శుభ్రం చేద్దామనిపించింది. పూజ కదా, చెత్త ఉండకూడదని. దాచి ఉన్న ఫైళ్ళన్నీ పైకి తెప్పించేను. సి డ్రైవులో నోరు తిరగని పేర్లతో కొన్ని కనబడ్డాయి. ఎప్పుడూ తెరవనివి ఎవరికి పనికొస్తాయి? తీసేసేను. ఇది సిస్టమ్ ఫైలు, తీసేస్తే కంప్యూటర్ పనిచెయ్యకపోవచ్చు అని అది చెబుతూనే ఉంది. అయినా సరేనని నొక్కేను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేను. అంత తెలివి నాది.

మర్నాడు మానిటర్‌కి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, షావుకారు స్వయంగా స్విచ్ నొక్కేరు. నల్లటి తెర. ఫలానా ఫైలు లేదని ఒక్క ఇంగ్లీషు ముక్క. నేను తీసేసిన ఫైలే. పూజ నాడు ఇదేం అపశకునంరా అంది షావుకారి తల్లి. షావుకారు నా వంక చూసేరు.

అప్పుడన్నాను. నిన్న సలోమి చర్చి పాటల సీడీ పెట్టిందండి, అందులోంచి వైరస్ వచ్చుంటుంది అని.

చర్చి అన్న మాట నోరుజారి వచ్చిందా? లేదండీ. ఆ రోజున, ఆ పెద్దావిడ ముందు, ఆ మాట ఎక్కడ తగులుతుందో నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను. ఛీ. పాటలు వినమ్మా అని స్పీకర్లు కలిపి ఇచ్చింది కూడా నేనే.

ఆమెని అప్పటికప్పుడే రేపట్నుంచి రావద్దన్నారు. గుమ్మం దగ్గర నన్ను పక్కకి పిలిచింది.

"అన్నయ్యా, పాటల సీడీలో కూడా వైరస్ ఉంటాదేటి?"

"ఉంటాది."

"నాకు తెలీదన్నయ్యా. తెలిస్తే పెడతానేటి?"

"సర్లే, ఏడవకు."

ఏడవకు అన్నాను. ఎంత మంచివాణ్ణో చూడండి.

మధ్యాహ్నం, ఇంటర్నెట్ సెంటర్ నడిపే స్నేహితుడి దగ్గరకి పరిగెత్తేను. విని నవ్వేడు. దానంతటది పోదు బావా, ఎవడో తీసేసుంటాడు అని, విండోస్ సీడీ చేతిలో పెట్టి ఏం చెయ్యాలో చెప్పేడు. సీడీతో కంప్యూటర్‌ని లేపి, పోయిన ఫైళ్ళని అందులోంచి సి డ్రైవులోకి కాపీ చేసి, మళ్ళీ ఆన్ చేసేను. బతికింది. ఒక్క బిల్లు కూడా పోలేదు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెబితే ఏమయ్యేది, నాలుగు తిట్లు పడేవి, ఆ పిల్ల పని ఆ పిల్లకి ఉండేది, ఇంతకంటే ఏముంది, అని ఎన్ని వందలసార్లు అనుకున్నానో. షావుకారు నా భుజం తట్టి ప్రసాదం పెట్టేరు. కళ్ళకద్దుకుని తిన్నాను.

కొన్నేళ్ళకి బస్‌స్టాండులో కనబడింది. జీడిపిక్కల ఫ్యాక్టరీలో చేస్తోందిట. ఆ జీడి రసానికి వేళ్ళు నల్లబడిపోయేయి. తనే పలకరించింది. వాళ్ళ చర్చికి ఎవరో కంప్యూటర్ ఇచ్చేరట, పాటలు టైపు చెయ్యమని పాస్టరుగారు అడిగితే వద్దందిట. నా చెయ్యి పడితే పాడైపోతాది కదన్నయ్యా అని నవ్వింది.

నా బస్సు రావడానికి ఇంకా బోలెడు టైముంది. నేనేం చేసేను? టీ తాగుతావా అని అడిగేను.

సలోమీ, ఆ ఫైలు తీసేసింది నేను. నీ సీడీలో ఏ వైరసూ లేదు. నీ చెయ్యి మంచిదేనమ్మా.

హమ్మయ్య, రాసేసేను. నాకు కాస్త ఊపిరాడుతోంది. ఆమెకి మాత్రం ఇంకా తెలీదు.