పనసచెట్టు పలికేదాకా

మా ఊళ్ళో ఎలక్ట్రిక్ గిటార్లు చేసే మనిషున్నాడంటే పలాసలో నా స్నేహితులు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళిళ్ళల్లో పెళ్ళికి నా మైక్‌సెట్టు కావాలని వచ్చినప్పుడు రేటు చెప్పి నేనూ నవ్వుతాను. ఇచ్ఛాపురం కుర్రాళ్ళు ఫలానా రంగు, ఫలానా ఆకారం అంటూ బొమ్మలు గీసుకుని మరీ వస్తున్నారు మా లోకనాథం మావ దగ్గరికి.

మావ నాకు సొంత మేనమామ. ఉద్దానం తీరంలో సముద్రానికి ఎదురుగానే ఇల్లు. మీసం రాకముందు నుంచీ చెక్క పడవలు కట్టాడు. తర్వాత ఫైబరు పడవలొచ్చి ఆయన పని కాస్తా మింగేశాయి. ఇసుకలో కూర్చుని, కనబడిన ప్రతి ఫైబరు పడవనీ "ప్లాస్టిక్ బకెట్టు" అని తిట్టడం తప్ప ఆయనకు వేరే పని లేకుండా పోయింది.

అలాంటి రోజుల్లో టెక్కలి ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించే దిలీప్ వచ్చాడు. నందిగాం దగ్గర ఆటో మీదనుంచి జారిపడి వాడి గిటార్ మెడ విరిగింది, ఒళ్ళు రెండు చెక్కలైంది. అతికించమని తెచ్చాడు. మావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది లోపల బోలు కాదేటి? ఒట్టి సెక్కేనా?"

"ఒట్టి సెక్కే మావా," అన్నాను. "తీగల కింద అయస్కాంతం ఉంటాది. మిగతాది కరెంటు సూసుకుంటాది."

"అయితే ఈ అతుకులెందుకు? కొత్తదే సేసెత్తాను. మంచి సెక్క ఉండాల, అంతే."

మంచి చెక్క పెరట్లోనే ఉంది. వీణలు పనసతో చేస్తారని ఎక్కడో విన్నాడు. బేబి అత్త జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి వెళ్ళిన సమయం చూసి, ఆవిడ కొత్త కోడలిగా వచ్చినప్పుడు నాటుకున్న పనసచెట్టుని నేలకూల్చేశాడు. అడగాలన్న ఆలోచనే రాలేదట! నాకు ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

అత్త సాయంత్రం వచ్చి మోడు చూసింది. ఏడవలేదు, అరవలేదు. "ఆ సెట్టు పలికిననాడే నాను నీతో పలుకుతాను," అంది. అంతే, నోరు కట్టేసుకుంది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో మాటలన్నీ పెరట్లో కట్టేసిన మేక మీదుగా నడిచాయి. "ఓలే మేకా, అంబలి కుండలో ఉందని సెప్పు," అనేది అత్త. "మేకా, ఉప్పు సాల్నేదని సెప్పు," అనేవాడు మావ. ఆ వేసవిలో మా ఊళ్ళో ఎక్కువ మర్యాద అందుకున్నది ఆ మేకే. అది కూడా ఏదో పెద్దమనిషిలా మధ్యలో నిలబడి నెమరువేసేది. నాకు నవ్వొచ్చేది గానీ మావ చిక్కిపోయాడు. అత్త తిట్లు వినకుండా ఆయనకు అన్నం దిగదు. ఆ మనిషికి ఆవిడంటే అంత ప్రాణం.

చెక్కని చూరుకింద ఆరబెట్టాడు. బాడిసతో చెక్కాడు. పాత గిటార్ మెడ పక్కన పెట్టి, నూలుదారంతో కొలిచి మెట్లు దించాడు. తల భాగాన్ని పడవ ముక్కులా తీర్చాడు. తీగలూ కరెంటు సామానూ బిగించకముందు దాన్ని తీసుకెళ్ళి ఉప్పుటేరులో వదిలాడు!

"ఏటి సేత్తన్నావు మావా?" అని అరిచాను.

"సూడు, ఎటూ ఒరగలేదు," అన్నాడు గర్వంగా. గిటార్ నీళ్ళ మీద సమంగా తేలుతోంది.

గంగమ్మ సంబరానికి ముందురోజు అది నల్లగా నిగనిగలాడుతూ తయారైంది. దిలీప్ మురిసిపోయాడు. సంబరం రోజు పొద్దున్నే తీసుకుని, చొక్కా విప్పి, గిటార్‌ని ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా సాధన చేస్తూనే ఉన్నాడు.

దీపాలు పెట్టే వేళకి స్టేజీ ఎక్కాడు. నేను మైకులు సరిచేసి స్విచ్ వేశాను. మావ స్టేజీ మెట్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముందు వరసలో అత్త, ఫ్యాక్టరీ ఆడవాళ్ళతో.

దిలీప్ తీగ మీటాడు. ఝుంయ్‌మని ఊరంతా మోగింది! మావ అత్త వైపు చూశాడు. అత్త పెదవి కదపలేదు. చూపు మాత్రం దిలీప్ మీదే ఉంది.

వాడు గెంతుతున్నాడు. పొట్టని గిటార్‌కేసి రుద్దుతున్నాడు, మోచెయ్యి స్తంభానికేసి గీస్తున్నాడు, తీగల మధ్యలో గోక్కుంటున్నాడు. జనం అదేదో కొత్త స్టెప్పనుకుని ఈలలు వేశారు. కుర్రాళ్ళు కింద తామూ గోక్కుంటూ ఎగిరారు. నేను కూడా మెచ్చుకున్నాను, సిగ్గు లేకుండా.

అత్త లేచింది. గబగబా ఇంటికెళ్ళి ఆముదం సీసాతో వచ్చి, నేరుగా స్టేజీ ఎక్కింది. దిలీప్ చొక్కా పైకెత్తింది. పొట్టంతా బొబ్బలు. జీడిగింజలు ఒలుస్తూ తొక్కలోని నూనెకి కాలిన చేతులకి ఆ బొబ్బలు తెలియకపోతే ఎవరికి తెలుస్తాయి! వాడికి ఆముదం పట్టిస్తూనే, కిందున్న మావ వైపు తిరిగింది. ఎదురుగా మైకు.

"జీడినూనె పూసినావేటయ్యా? పడవ అడుక్కి పూసినట్టు పూసీసినావా? మనిసి పొట్టకి ఆనించుకునేదానికి ఎవులైనా జీడినూనె పూత్తారేటి? నీకు బుర్రుందా, నేదా? నా సెట్టు నరికినావు, ఈ గుంటడి తోలు ఒలిసీసినావు..."

ఊరంతా వినిపిస్తోంది. పాపం, ఆయన పరువు పోతోందని నేను స్విచ్ మీదికి చెయ్యి చాపాను. మావ ఒక్క అంగలో వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు, ముఖమంతా నవ్వు.

"ఆపకు అల్లుడా. ఇంకొంచెం పెంచు."