ఆయుధపూజనాడు ఆపేసిన సర్వర్

ఆ ఏడాది దసరాకి మా బావ సర్వర్‌కి బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది, స్విచ్ ఆపేశాడు. ఈ సంగతి చెప్తే మా ఇంట్లో అందరూ ఇప్పటికీ పడీ పడీ నవ్వుతారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ పూట పాతపట్నంలో ఒకమ్మాయి ఆ సర్వర్ ఎప్పుడు పలుకుతుందా అని పొద్దుటినుంచీ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. టీచరు ఉద్యోగాల పరీక్షకి ఆమెకి మిగిలింది పన్నెండు రోజులు.

ఆమె నా దగ్గర చదువుకున్న పిల్ల. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. ఆమెకి పుట్టుకతోనే చూపు లేదు. తండ్రి తాపీమేస్త్రీ, బాప్టిస్టు చర్చి కుటుంబం. తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టుకుని, కీబోర్డు మీద నాకంటే వేగంగా పని చేసేది. ఆమెకున్న చిక్కల్లా తెలుగుతోనే. కోచింగ్ సెంటర్ వాళ్లు ఇచ్చిన ప్రశ్నల ఫైళ్లన్నీ డీటీపీ షాపుల్లో పాత ఫాంట్లతో కొట్టినవి. మన కంటికి అది తెలుగే, కంప్యూటర్‌కి మాత్రం గజిబిజి ఇంగ్లీషు గుర్తులు. ఆ సాఫ్ట్‌వేర్ వాటిని చదువుతుంటే ఎవరో పళ్లు నూరుతున్నట్టు ఉండేది.

“ఎవల్నీ బతిమాలకుండా నా పుస్తకం నేను సదువుకోవాలక్కా” అనేది. ఆ ఒక్క మాట కోసమే, పాత ఫాంటులో ఉన్నదాన్ని మామూలు తెలుగులోకి మార్చే ప్రోగ్రాం మొదలుపెట్టాను.

మా బావ అంటే మా అక్క మొగుడు. కోటబొమ్మాళిలో ఇంటి ముందుగదిలోనే డీటీపీ, జెరాక్సు షాపు నడిపేవాడు. ఏ మీట నొక్కితే ఏ గుర్తు పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఆ గొప్ప నేను కాదనను. కోడ్ రాయడం కూడా తనంతట తనే నేర్చుకున్నాడు. అందుకే ఇద్దరం కలిసి చేద్దామన్నాను. నా ఖర్మ అక్కడే కాలింది.

మేం పని చేసిన పద్ధతి తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. నేను రాసిన కోడ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, కవరు అంటించి, ఆర్టీసీ కాంప్లెక్సులో పలాస బస్సు డ్రైవర్ చేతికిచ్చేదాన్ని. బావ కోటబొమ్మాళిలో బస్సుకి ఎదురెళ్లి తీసుకునేవాడు. తన మార్పులు చేసి, రెండు రోజులకి అదే పెన్‌డ్రైవ్‌ని మరో బస్సులో తిప్పి పంపేవాడు. మెయిల్లో పంపితే దారిలో ఎవడో కొట్టేస్తాడని అతని భయం. అందులో ఫోల్డర్ల పేర్లు ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ బావ’, ‘ఇదే ఫైనల్’. ఏది ముందో, ఏది వెనకో, ఏది ఎందుకు మారిందో అడిగితే ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

అప్పటికే లోకంలో ఇలాంటి పనులు చేసేవాళ్లంతా తమ కోడ్‌ని ఉమ్మడి సైట్లలో పెట్టుకుంటున్నారు. మనలాంటి వాళ్లకి చోటు ఊరికే ఇస్తారు. ఎవరు ఏ వరుస మార్చారో, ఎందుకు మార్చారో అక్కడ చెరగకుండా ఉంటుంది. ఒకరి పని మీద ఇంకొకరు తెలియక తమది ఎక్కించబోతే, ఆగమని సైటే చెప్తుంది. ఇదంతా క్లాసులో పిల్లలకి బల్ల గుద్ది చెప్పేదాన్ని. బావకి చెప్తే మాత్రం కస్సుమన్నాడు.

“ఒసే, మన సొమ్ము తీసుకెల్లి ఎవుడింట్లోనో ఎందుకెట్టాలి? రేపు ఆడు తలుపేసీసుకుంటే ఏటి సేస్తావు? మనకి సొంత సర్వర్ ఉన్నాది కదా!”

ఆ సొంత సర్వర్ అంటే జెరాక్సు మిషను పక్కన స్టూలు మీద పెట్టిన పాత కంప్యూటర్. కరెంటు పోతే సైటూ పోయేది. అందులో మా ప్రోగ్రాం పేజీకి పైన పెద్ద అక్షరాలతో ‘ఓపెన్ సోర్స్, అందరిదీ’ అని రాశాడు. కోడ్ కావాలంటే మాత్రం తనకి ఫోన్ చేయాలి. చేసినవాడిది ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీసి, నచ్చితే ఇస్తాడు. అందరిదీ అని బోర్డు కట్టి తాళంచెవి మొలకి కట్టుకున్నాడు.

సరే, అసలు నష్టం సంగతి. ఆ అమ్మాయి ప్రశ్నల ఫైళ్లలో ప్రతి పేజీకీ అడుగున ఒక వరుస ఉంటుంది. ఆ పేజీలో ఉన్న ప్రశ్నలన్నిటికీ జవాబులు అందులోనే. మా ప్రోగ్రాం మిగతా పేజీనంతా శుభ్రంగా మార్చి, సరిగ్గా ఆ వరుసని మింగేసేది. జవాబులు రావట్లేదని ఆమె బావకి ఫోన్ చేసింది. ఆ కోచింగోళ్లు జవాబులు ఇచ్చుండరమ్మా అన్నాడు. నాకు చేసింది. నీ చదివే సాఫ్ట్‌వేర్ వదిలేస్తోందేమో చూసుకో అన్నాను. ఎవరినీ బతిమాలకూడదనుకున్న పిల్ల, పేజీ పేజీకీ జవాబుల కోసం పక్కింటి కాలేజీ పిల్లల్ని బతిమాలుకుంది.

ఎండాకాలంలో నా పాఠాల ఫైలు మార్చుకుంటుంటే పేజీ అడుగు వరుస పోయింది. అప్పుడు గానీ నమ్మలేదు నేను. వెతికితే దొరికింది. పేజీ అడుగున ఉండేది పేజీ నంబరే కాబట్టి దాన్ని వదిలేయమని బావ కోడ్‌లో రాశాడు. తన షాపులో కొట్టే పుస్తకాలన్నిటికీ నంబర్లు కిందే వేస్తాడు మరి. లోకమంతా అలాగే వేస్తుందనుకున్నాడు. దాన్ని సరిచేసి, పెన్‌డ్రైవ్ బస్సెక్కించి, సైటులోంచి కొత్తది దించుకోమని ఆమెకి చెప్పాను. దించుకుంది. “అలాగే ఉన్నాదక్కా” అంది. పాతదే దించుంటావు, మళ్లీ దించుకో అన్నాను. ఆమె మళ్లీ మళ్లీ దించుకుంటూనే ఉంది.

దసరాకి అక్క పిలిస్తే కోటబొమ్మాళి వెళ్లాను. ఆయుధపూజ అని షాపులో ప్రింటరు, జెరాక్సు, పేపరు కోసే మిషను అన్నిటికీ బొట్లు పెట్టి ఉన్నాయి. వాటితోపాటు సర్వర్‌కీ. అప్పుడే ఆమె ఫోన్: “అక్కా, సైటు తెరుసుకోవట్లేదు. పొద్దుటినుంచి సూస్తన్నాను.”

ఆన్ చెయ్యమన్నాను. బావ కదల్లేదు.

“ఈయేల మిషన్లు ముట్టుకోకూడదు. రేపు పూజ ఎత్తాక ఏస్తాను. ఒక్క రోజుకి ఏటైపోద్ది?”

“నీ పూజ నువ్వు చేసుకో బావా, దాన్ని మాత్రం నడవనియ్యి. అవతల ఆ పిల్లకి పరీక్ష.”

“పండగపూట ఈ గొడవేటే?” అని అక్క నా మీదే లేచింది. నేను అన్నం తినలేదు. పూజ మీద నాకు కోపం లేదు. కోత కోసే కత్తికి ఒకరోజు విశ్రాంతి ఇస్తే ఎవరి చేనూ ఎండిపోదు. ఎవరెవరో ఆధారపడ్డ వస్తువుని నాది అనుకుని ఆపేశాడే, నా కోపం దాని మీద.

మర్నాడు ఉదయం సర్వర్ వేయగానే కూర్చుని వెతికాను. నేను చేసిన మార్పు అందులో లేదు. నా పెన్‌డ్రైవ్ అందిన రోజే బావ తన పాత ఫోల్డర్‌లో ఏవో సొగసులు దిద్ది, నాది తెరవకుండానే తనదాన్ని సైటుకి ఎక్కించాడు. అయిదు నెలలుగా నేను ఆ పిల్లచేత తప్పుల ప్రోగ్రాంనే దించుకోమంటున్నాను. పోనీ నా కాపీ ఉందా అంటే, వేసవి సెలవుల్లో కాలేజీ లాబ్ కంప్యూటర్లన్నీ ఫార్మాట్ చేశారు. పెన్‌డ్రైవ్‌లోదాన్ని బావ తుడిచేసి, తనది వేసి పంపాడు. మంచి కోడ్ ఈ భూమ్మీద ఎక్కడా లేదు. నేను బావని నానా మాటలూ అన్నాను. అతను కూడా తక్కువ తినలేదు.

శ్రీకాకుళం వచ్చిన రోజే, ఎవరినీ అడగకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉమ్మడి సైటులో పెట్టేశాను. మళ్లీ సరిచేద్దామని కూర్చుంటే చేతకాలేదు. బావ దిద్దిన సొగసుల్లో అడుగు వరుసని వదిలేయమనే ఆ నియమం మూడు చోట్లకి పాకింది. ఒకచోట మారిస్తే ఇంకోచోట వరుస ఎగిరిపోతోంది. రెండు రోజులు అలాగే పోయాయి. ఆ సైటులో లోపాలు రాసే చోటు ఒకటి ఉంటుంది, అందులో నీ సంగతి రాయమని ఆమెకి చెప్పాను. నిజం చెప్పాలంటే, ఫోన్లు తగ్గుతాయని చెప్పాను. ఆమె వచ్చిన ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసింది.

మర్నాడు నేను చూసేసరికే ఎవరో జవాబిచ్చి ఉన్నారు. మలయాళానికి ఇలాంటి ప్రోగ్రామే చేసుకుంటున్న మనిషి. తెలుగు అక్షరం ఒక్కటీ రాదని ముందే ఒప్పుకున్నాడు. ఆ రాత్రి గడిచేసరికి మూడు చోట్లా సరిచేసి, ఏ వరుస ఎందుకు మార్చాడో పక్కనే రాసి పెట్టాడు. నేను చేయాల్సిందల్లా సరేనని ఒప్పుకోవడమే. ఆ మనిషిది ఏ ఊరో, ఎవరి తాలూకో మేం అడగలేదు, అడగాల్సిన పనీ రాలేదు. నేను సంతోషించాలి కదా? ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఈ తలుపు మూసిపెట్టింది మేమే.

జవాబులున్న ఫైళ్లు ఆమె చేతికి వచ్చేసరికి పరీక్షకి వారం మిగిలింది. ఏడాదంతా సగం సగం చదివినదాన్ని వారంలో ఎవరు సరిచూసుకోగలరు? ఆ ఏడాది ఆమెకి ఉద్యోగం రాలేదు.

ఫలితాలు వచ్చిన రోజు ఫోన్ చేశాను. ఓదార్చడానికని చేసి, బావని తిట్టడం మొదలుపెట్టాను. సొంత సర్వర్ అనే మూర్ఖత్వమే మన కొంప ముంచిందని, ఉమ్మడి సైటులో ముందే పెట్టి ఉంటే ఈపాటికి నువ్వు టీచరువని, చాలాసేపు చెప్పాను. నేను ఆగాక ఆమె అంది:

“సైటు మంచిదే అక్కా. కాని ఆయనెవరో నేను రాసిన గంటకే, ఒక పేజీ పంపమ్మా సూస్తాను అన్నాడు. మీరూ బావగారూ ఏడాదిలో ఒక్క పేజీ పంపమని అడగనేదు.”