ఇసుక పోయిన వాగు

మా వాగు వానలున్నన్నాళ్లే పారేది. మిగతా కాలమంతా ఇసుకే. అయినా ఎండాకాలంలో మాకు తాగే నీళ్లు అదే ఇచ్చేది. పొద్దున్నే మా బాపు ఆ ఇసుకను చేతులతో తోడి, చిన్న గుంత చేసి చెలిమె తీసేవాడు. మొదట ఊరిన బురదనీళ్లు ఎత్తిపోసి, తేటనీళ్లు వచ్చేదాకా నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. నాకేమో ఓపిక తక్కువ, రోజూ తిట్లు తినేదాన్ని. ఆ రుచి ముందు తార్నాకలో నేను కొనే క్యాన్ నీళ్లు ఎందుకూ పనికిరావు.

ఇసుక కోసం వస్తామని లారీలవాళ్లు అడిగినప్పుడు ఊరంతా కూర్చుంది. వద్దన్నవాళ్లను ఒప్పించింది మా బాపే. "ఇసుక కిందనే గద నీళ్లున్నయి. మీదిది తీస్తే నీళ్లు బయటపడ్తయి. ఇగ బిందెలు ముంచుకునుడే" అన్నాడు. రోజూ చెలిమె తీసే మనిషికి అలా తోచడంలో వింత లేదు. అందరికీ అలాగే తోచింది. మొదటి ఏడాది లారీలవాళ్లు తవ్విన గుంతల నిండా నీళ్లు నిలిస్తే ఆయన్ను మెచ్చుకోనివాళ్లు లేరు. తర్వాతి ఎండాకాలానికి గుంతలు ఎండాయి, వాటి వెనకే బావులూ ఎండాయి. వాన నీటిని పట్టి ఉంచేదీ, ఎండ తగలకుండా కాపాడేదీ ఆ ఇసుకేనని ఇప్పుడు నేను యూనివర్సిటీలో పాఠం చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ బాధేస్తుంది. మంచి జరుగుతుందనే కదా ఇచ్చాం, ఇక కోపం ఎవరి మీద చూపించాలి?

సేద్యం సాగక బాపు నా దగ్గరికి వచ్చేశాడు. మొన్న క్యాంపస్‌లో నడకకు తీసుకెళ్తే, కొత్త హాస్టల్ కడుతున్నచోట ఇసుక కుప్ప చూసి ఆగాడు. గుప్పెడు తీసి వేళ్లతో నలిపాడు.

"బిడ్డా, ఆ పొద్దు నేను ఇసుక ఇయ్యొద్దంటే మన వాగు బతికేదా?"

ఈ వయసులో ఆయనకు ఆ బరువెందుకు అనిపించింది. "వానలు లేక ఎండింది బాపూ. నీ తప్పేం లేదు" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "క్లాసుల పిల్లలకు గూడ గిట్లనే చెప్తవా?"

రెండోసారి అబద్ధం నోట రాలేదు. "లేదు" అన్నాను.

చేతిలోని ఇసుకను మెల్లగా కుప్ప మీద పోశాడు.

"ఊరంత నా మాటనే ఇన్నది బిడ్డా" అన్నాడు.